ఎంతిచ్చినా సంతోషమే సార్

మా చర్చి సంఘంలో పిల్లలు నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకునేది సాక్ష్యంతోనే. ఎనిమిదేళ్లప్పుడు నన్ను ముందర నిలబెట్టారు. అందరికీ వందనాలు చెప్పాలి, తరువాత జరిగిన మేలు చెప్పాలి. అందులో ‘నేను’ అన్న మాట రాకూడదు. పరీక్ష పాసైతే దేవుడు పాస్ చేయించాడు, జ్వరం తగ్గితే దేవుడు తగ్గించాడు. అది నిజమేనని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కాకపోతే అదే అలవాటుతో ఉద్యోగం వెతుక్కోవడానికి వెళ్లాను.

నాన్న రైల్వేలో ట్రాక్‌మన్. ఆయన రిటైరయ్యాక కాజీపేటలో మేముండే క్వార్టర్ ఖాళీ చేయాలి. పెన్షన్ ఇంటి ఖర్చుకు, చెల్లె చదువుకు సరిపోతుంది. అద్దె మాత్రం నా జీతంలోంచే రావాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ తెలుసు.

మొదటి ఇంటర్వ్యూ హనుమకొండలో, ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో. అంతకుముందు రెండేళ్లు ఒక చిన్న ఆసుపత్రి రిసెప్షన్లో పనిచేశాను. అటక మీద మూటలు కట్టి పడేసిన పాత ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే.

“అక్కడ మీరేం చేశారు?” అని అడిగాడు ఇంటర్వ్యూ చేసే ఆయన.

“నాదేం లేదు సార్, దేవుడు నడిపించాడు.”

ఆయన పక్కనున్నామె వైపు చూసి మళ్లీ నా వైపు తిరిగాడు. “మరి పని ఎవరు చేశారమ్మా?”

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత ఫోన్ రాలేదు.

రెండోది ఇన్సూరెన్స్ ఆఫీసు. జీతం ఎంత అనుకుంటున్నారని మేనేజరు అడిగాడు. ఉన్నదానితో తృప్తిగా ఉండాలని చిన్నప్పటినుంచి విన్నదాన్ని. “మీరు ఎంతిచ్చినా సంతోషమే సార్” అన్నాను. పదకొండు వేలన్నాడు. తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే బస్సులకూ తిండికీ పోను మిగిలేది ఇంటద్దెకు చాలదు. మరునాడు ఫోన్ చేసి రాలేనని చెప్పాను.

“నిన్ననే గద మేడం, ఎంతిచ్చినా సంతోషమన్నరు?”

కోపంతో కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. ఉద్యోగం పోయినందుకు కన్నా ఆ మాటకు ఎక్కువ బాధపడ్డాను. వినయం అనుకుని నేను పలికింది అబద్ధం.

మా పెద్దమ్మ ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరే పనికి పోతుంది. చదువు రాదు గాని, విన్న ప్రసంగం ఒక్కటీ మరిచిపోదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ నా సంగతంతా విన్నది.

“కూలి మాట్లాడకుంట మేం మిర్చి కుప్ప కాడ కూసుంటమానే? మాట అయినంకనే కుప్ప మీద చెయ్యేస్తం.”

“అది వేరు పెద్దమ్మా. బైబిల్ల కథల ద్రాక్షతోటకు పొద్దుగూకే యాళ్లకు పోయినోళ్లు కూలి మాట్లాడుకున్నరా? పొద్దంత చేసినోళ్లకు ఎంతనో వాళ్లకు గూడ అంతే ఇచ్చిండు గద యజమాని.”

“పొద్దుగాల పోయినోళ్లు ఖరారు చేసుకునే పోయిండ్రు, అది యాది లేదా? అడగనోళ్లకు గూడ ఇచ్చినాయన దేవుడు. నీ మేనేజరు దేవుడానే?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. “చేసిన పని చేసిన అని చెప్తే దేవుడు అలుగడు బిడ్డా. చెయ్యంది చెప్తే అలుగుతడు.”

ఇంటికి వెళ్లి ఆ ఉపమానం తీసి చూశాను. యజమాని పొద్దున వచ్చినవాళ్లతో కూలి ఒప్పందం చేసుకున్న సంగతి మొదట్లోనే ఉంది. సండే స్కూల్లో ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను గాని, ఆ వాక్యం దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

మూడోది మడికొండలో, ఆసుపత్రుల రికార్డులు చూసే కంపెనీ. బయలుదేరేముందు ప్రార్థన చేశాను. ఈసారి ఉద్యోగం ఇమ్మని కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పే నోరు ఇమ్మని.

నా పని గురించి అడిగిన మేడంకు ఇలా చెప్పాను: “నేను పాత ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒకే పేరున్న పేషెంట్లు కలిసిపోకుండా తండ్రి పేరు, ఊరు చూసి నేనే వేరు చేశాను.” ‘నేను’ అన్నప్పుడల్లా చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం మామూలుగా రాసుకుంటూ పోయింది.

“పద్దెనిమిది ఇస్తాం.”

“ఇరవై రెండు కావాలి మేడం.”

“ఫ్రెషర్లకు అంత ఉండదమ్మా.”

“నేను ఫ్రెషర్ని కాదు మేడం. రెండేళ్లు ఇదే పని చేశాను.”

ఆమె నా కాగితాలు మళ్లీ తిరగేసింది. ‘మీ ఇష్టం మేడం’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

“ఇరవై. అంతకుమించి నా చేతిలో లేదు.”

“వస్తాను మేడం. ఆదివారం పొద్దున షిఫ్ట్ మాత్రం వద్దు, చర్చి ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటల నుంచి వేయండి, చేస్తాను.”

“ఆదివారం మధ్యాహ్నానికి మనుషులే దొరకరు నాకు” అని ఆమె వెంటనే రాసేసుకుంది.

తరువాతి ఆదివారం సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాను. “దేవుడు ఉద్యోగం ఇచ్చాడు” అన్నాను. కాస్త ఆగి, “జీతం నేను అడిగాను” అన్నాను. దానికి ఏమనాలో సంఘానికి తోచలేదు. ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ ఒక్కతే ఆమెన్ అంది.

ఇంకా పనిలో చేరలేదు కాబట్టి ఆ మధ్యాహ్నమే నాన్నా నేనూ రెండు గదుల ఇల్లొకటి చూశాం. ఇంటాయన అద్దె ఏడు వేలన్నాడు. నాన్న సరే అనేలోపే నేను ఆరున్నర అన్నాను.