వీపు తిప్పి కూర్చున్న మాస్టారు

"ముప్పై ఎనిమిదేళ్ళకి చేతులు మారవమ్మా," అన్నారు మాస్టారు, అందరి ముందు. నేను కాక ఐదుగురు ఉన్నారు. నలుగురు నవ్వారు. ఐదో ఆవిడ నీళ్ళు తాగుతోంది, లేకపోతే ఆవిడా నవ్వేది. ఎవరు ఎక్కడ నిలబడి నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మాది టీచర్ల వాలీబాల్ జట్టు. నేను నగరం అనే ఊళ్ళో, బడిలో లెక్కలు చెబుతాను. శనివారాలు బడి వదిలాక అందరం రేపల్లెలో కలిసి ఆడతాం. నేను లిఫ్టర్‌ని, అంటే నెట్ పక్కన నిలబడి, కొట్టేవాళ్ళకి అందేలా బంతిని పైకి లేపేదాన్ని. ఆట మొత్తం ఆ రెండు చేతుల మీదుగానే నడవాలి. అప్పట్లో నా చేతుల మీదుగా నడవలేదు. బంతి ఒకసారి నెట్‌కి తగిలేది, ఒకసారి కొట్టే అమ్మాయి నెత్తి దాటి పోయేది.

"అక్కా, నిచ్చెన తెచ్చుకోమంటావా?" అనేది ఆ అమ్మాయి. తెనాలి నుంచి వచ్చే టీచరు, నాకంటే పదేళ్ళు చిన్నది.

మాస్టారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. డిసెంబరులో బాపట్ల పోటీలకి లిఫ్టర్‌గా నన్ను ఉంచాలో తీసెయ్యాలో తేల్చేది ఆయనే. చెప్పులు విడిచి, కుర్చీ అటు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చునేవారు. ఆయన చెవితోనే ఆట చూస్తారని జట్టంతా నమ్మింది. మంచి లిఫ్టర్ వేళ్ళకి బంతి తగిలితే చప్పుడు కాదు మరి.

అందుకని ఆ వానాకాలమంతా చప్పుడుతోనే పోరాడాను. సాయంత్రాలు డాబా మీద వెల్లకిలా పడుకుని ముఖం మీదుగా బంతి ఎగరేసేదాన్ని. అది మబ్బుల దాకా పోయి, అక్కడ కాసేపు ఆగి, దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుండేది. తడి వరిచేల వాసన వచ్చేది. కొంగలు బారుగా నా వేళ్ళ సందుల్లోంచి వెళ్ళిపోయేవి. కింద పడుకున్నది నేనో, పైన తేలుతున్నది నేనో తెలిసేది కాదు. బంతి వచ్చి వెళ్ళిన సంగతి వేళ్ళకే తెలియని సాయంత్రాలు కొన్ని ఉన్నాయి. ఆ నలుగురి నవ్వు మాత్రం అప్పుడు కూడా వినపడేది.

తేల్చే శనివారం వచ్చింది. ఎండ పలచని మజ్జిగలా ఉంది. ఆయన అటు తిరిగి కూర్చున్నారు. నేను లేపాను, ఆ అమ్మాయి కొట్టింది. ఎన్ని బంతులో లెక్కపెట్టలేదు, లెక్కల టీచర్ని అయ్యుండి. చివరికి ఆయన తిరగకుండానే చెయ్యెత్తారు.

"చాలు. లిఫ్టర్ ఈవిడే."

పొంగిపోబోయాను. ఆ అమ్మాయి నా పక్కకొచ్చి మెల్లగా అంది. "మరీ సంబరపడకక్కా. మాస్టారికి రెండేళ్ళ నుంచి చెవులు సరిగ్గా వినపడవంట."

నాకు దక్కిన ఒక్క మంచిమాటకీ ఈ గతా? తిన్నగా ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మాస్టారూ, మీకు వినపడదంట కదండీ! మరి నా ఆట ఎలా తేల్చారండీ?" అని గట్టిగా అరిచాను.

"చెవులతో తేల్చానని ఎవరన్నారమ్మా?" ఆయన ఉత్తకాళ్ళు నేలకి ఆనించి చూపించారు. "ఆ అమ్మాయి పరుగు వీటికి తెలుస్తుంది. జూన్‌లో రెండడుగులేసి ఆగేది, నీ బంతి ఎటు పోతుందో చూసుకుని మళ్ళీ వేసేది. ఇవాళ ఒక్కసారీ ఆగలా. నిన్ను నమ్మి పరిగెత్తుతోంది."

"ఏంటండీ, నేనా?" అని అరిచింది ఆ అమ్మాయి. "ఈవిడ మీద నాకేం నమ్మకం లేదండి!"

"నీ నోటికి లేదేమో. నీ కాళ్ళకుంది."

"మరి చేతులు మారవన్నారు కదండీ?" గట్టిగానే అడిగాను. ఊరికే వదిలే మాట కాదది.

"అన్నానా? గుర్తులేదమ్మా."

"నాకు గుర్తుందండి."

బాపట్లలో మొదటి బంతి నా మీదికి దిగుతోంది. తలెత్తి దాన్నే చూస్తున్నాను. ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది. నా కాళ్ళ కింద నేల కొద్దిగా అదిరింది. ఆ అమ్మాయి బయల్దేరింది. బంతి ఎక్కడికి లేపాలో నేనింకా అనుకోనే లేదు.