సుద్దముక్కతో గీసిన తలుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ అది పుట్టుకతో వచ్చింది కాదు, నా పదో ఏట వచ్చింది. ఎవరి వల్ల వచ్చిందో కూడా చెప్పగలను.

డెబ్బైల్లో మేం బెజవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్న బడిపంతులు. పై వాటాలో ఒక ఫోటోగ్రాఫరుగారు ఉండేవారు. నేను ఆయన్ని మావయ్యగారూ అని పిలిచేదాన్ని. గవర్నరుపేటలో ఆయనకి చిన్న స్టూడియో ఉండేది. అక్కడ వెనకాల కట్టే తెర మీద చందమామా, రాజుగారి మేడా ఉండేవి. మడతల దగ్గర చిరిగీ చిరిగీ చందమామ రెండు ముక్కలైపోయింది. కొత్త తెర వేయించే ఓపిక లేక ఆయనకొక ఉపాయం తట్టింది. మా వాకిట్లో పరిచిన నాపరాళ్ళు నల్లగా పలకలా ఉండేవి. వాటి మీద సుద్దముక్కతో పెద్ద బొమ్మ గీసి, పిల్లల్ని ఆ బొమ్మలో పడుకోబెట్టి, తను డాబా పిట్టగోడ మీంచి వంగి ఫోటో తీస్తే, పిల్లలు ఆ బొమ్మలో నిలబడ్డట్టో ఎగురుతున్నట్టో వస్తారు. బొమ్మలు గీసే పని నాకు అప్పజెప్పారు.

ముగ్గుల్లో నాది తిరిగిన చెయ్యి. అమ్మ నేర్పింది. అయితే ముగ్గుకి పెట్టినట్టు చుక్కలు పెట్టి గీస్తే, తుడిచినా ఆ చుక్కలు ఫోటోలో మశూచి మచ్చల్లా పడేవి. మావయ్యగారు చిరాకు పడేవారు. అందుకని తడివేలితో చుక్కలు పెట్టి, అవి ఆరిపోయేలోగా గబగబా గీసెయ్యడం అలవాటు చేసుకున్నాను. సుద్దముక్కలకి కొదవ లేదు, నాన్న లాల్చీ జేబు నిండా అవే.

ఆ వేసవిలో ఆదివారం వస్తే మా వాకిలి తిరనాళే. గుణదల నుంచి వచ్చిన ఒక పిల్లాడు పెద్ద చేప మీద స్వారీ చేశాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళు కృష్ణలో పడవ నడిపారు. గౌను గాలికి ఎగురుతున్నట్టు రావాలంటే అంచు పట్టుకుని నేలమీద పరిచి సర్దాలి, జడని పక్కకి తిప్పాలి. ఎండ వాకిట్లోకి దిగకముందే అయిపోవాలి, లేకపోతే పిల్లలు కళ్ళు చికిలిస్తారు. పైనుంచి మావయ్యగారు "నవ్వాలి, కదలకూడదు!" అనేవారు. అంత వెర్రి మాట ఇంకోటి లేదు, నవ్వితే పొట్ట కదలదూ? ఒక్కో ఫోటో తీశాక కెమెరా వెనక చిన్న ఎర్ర అద్దంలోంచి అంకె చూసుకుంటూ, ఫిల్ము జరిపే మర తిప్పేవారు. ఫిల్ము రోలుకి పన్నెండు ఫోటోలు. ఆ మర చప్పుడు కిందికి వినబడేది.

నాక్కావలసింది ఒకే ఒక్క ఫోటో. అది అమ్మకి పంపించాలి.

అమ్మ అంతకు ముందు దసరా నుంచీ మంగళగిరి దగ్గర ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో ఉంది. పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. నాన్న ఒక్కడే ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి బ్యారేజీ దాటి వెళ్ళొచ్చేవాడు. వెళ్ళిపోయే రోజున అమ్మ నన్ను వీధి తలుపు దగ్గర నిలబెట్టి పైగొళ్ళెం అందుకోమంది. అందలేదు. "అది అందేసరికి వచ్చేస్తాలే" అంది. ఆ తరవాత నాన్న వెళ్ళినప్పుడల్లా "పిల్లకి గొళ్ళెం అందుతోందా?" అని అడిగేదట. నాన్నే వచ్చి చెప్పేవాడు.

అందుకని నా వంతుకి విమానమూ వద్దు, చేపా వద్దు అనుకున్నాను. మా వీధి తలుపుని పురికొసతో కొలిచి, అంతే పొడుగు, అంతే వెడల్పు తలుపు నాపరాళ్ళ మీద గీశాను. గొళ్ళెం కూడా కొలతకి ఎక్కడుండాలో అక్కడే పెట్టాను. పక్కన పడుకుని చెయ్యి చాపితే ఇంకా రెండు వేళ్ళ దూరం ఉంది. గొళ్ళెం కాస్త కిందకి దింపి గీస్తే అడిగేవాళ్ళెవరూ లేరు, కానీ అమ్మని మోసం చెయ్యబుద్ధి కాలేదు.

నాయనమ్మ గడప దగ్గర నిలబడి అదంతా చూసి, ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్ళింది. ఆవిడ ఒక్క మాట అనకపోవడం మా ఇంట్లో వింతే. కాసేపటికి నాన్న మేడ మీదికి వెళ్ళి మావయ్యగారితో ఏదో మెల్లిగా మాట్లాడి వచ్చాడు. నా ఫోటో బాగా తియ్యమని చెప్పాడనుకుని పొంగిపోయాను. ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని పడుకుని, చెయ్యి చాపి, ఊపిరి బిగబట్టాను. పైన టిక్కుమంది. మర తిప్పిన చప్పుడు మాత్రం వినబడలేదు. రోలులో అదే ఆఖరిదేమో అనుకున్నాను.

పై ఆదివారం నాన్న ఒక కవరు చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. నాకు చూపించమంటే "అతికించేశానమ్మా, ముందు మీ అమ్మే చూడాలి" అన్నాడు. చీకటి పడకముందే తిరిగొచ్చాడు.

"చూసిందా నాన్నా?"

"చూడకేం! ఒకటే నవ్వు. ఇంకా రెండు వేళ్ళు ఎదగాలే దీనికి అంది. తలగడ కింద పెట్టుకుంది."

ఇక అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం ఏదో ఒకటి కొత్తగా చెప్పేవాడు. నర్సు చూసి మెచ్చుకుందట. పక్కమంచం ఆవిడ, తలుపు ఎవరు గీశారని అడిగిందట. నేను ఏనుగెక్కినట్టు తిరిగాను.

శ్రావణంలో అమ్మని ఇంటికి పంపించారు. రిక్షా దిగి, నన్ను దగ్గరికి తీసుకోకుండా వరండాలో మంచం మీద కూర్చుంది. "ఎంత పొడుగైపోయావే!" అంది. ఆవిడ సంచీ అంతా నేనే తీసి చూశాను. రెండు చీరలు, గ్లాసు, మందుసీసాలు.

"నా ఫోటో ఏదమ్మా?"

"ఏ ఫోటోనే?" అంది అమ్మ. "నువ్వసలు తీయించుకుంటే కదా! ఎన్నిసార్లు కబురంపించాను. ససేమిరా పడుకోను, తీయించుకోను అన్నావటగా."

నాన్న రిక్షాలోంచి పరుపు చుట్ట దింపుతున్నాడు. దింపుతూ దింపుతూ అలాగే నిలబడిపోయాడు. నేను ఆయన మొహం చూశాను. అడగక్కర్లేకపోయింది.

నాయనమ్మే ముందు నోరు తెరిచింది. "వాణ్ణేం అనకండి, వద్దన్నది నేను. పిల్లని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఫోటో తీస్తారటే! తల్లి ఆసుపత్రిలో ఉండగానా? మీ తాతయ్యకి అలాగే తీశారు, పోయాక" అంది. మా ఇంట్లో అప్పటికి ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. ఆవిడ భయం ఆవిడది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు.

మేడ మెట్లు రెండేసి ఎక్కి మావయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన తల గోక్కుంటూ, "పంతులుగారు మరీ మరీ చెప్పారమ్మా. ఫిల్ము లేకుండా నొక్కేశాను. పేచీ పెట్టే పిల్లలకి మేం మామూలుగా చేసేదేగా" అన్నారు. నేను పేచీ పెట్టలేదు. ఆయన రోలులన్నిటికీ వేసవంతా బొమ్మలు గీశాను. నమ్మించి గొంతు కొయ్యడమంటే ఏమిటో నాకు ఆ మెట్ల మీద తెలిసింది.

కిందికొచ్చేసరికి నాన్న అమ్మకి సర్దిచెబుతున్నాడు. "వద్దంటే పిల్ల ఏడుస్తుందని దానికలా చెప్పాను. మా అమ్మ భయం సంగతి చెబితే నువ్వు బెంగపడతావని నీకిలా చెప్పాను" అంటున్నాడు. ఒక్కో అబద్ధానికి ఒక్కో మంచి కారణం ఉంది. బళ్ళో అబద్ధమాడితే బెంచీ ఎక్కించే మనిషి! ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మంచివాడే, ఎవరినడిగినా అదే చెబుతారు. కానీ ఆ రోజు తరవాత ఆయన ఏ కబురు తెచ్చినా ఇంకొకళ్ళని అడిగి గానీ నేను నమ్మలేదు.

సాయంత్రం అమ్మ నన్ను పిలిచి, మంచానికి ఎదురుగా ఉన్న పీట చూపించి కూర్చోమంది.

"పోనీలే, తెలిసిందిగా" అంది. "నేను ఇంకోలా అనుకున్నాను. దగ్గు మనిషి దగ్గరికి ఫోటో పంపిస్తే నీకూ అంటుకుంటుందని భయపడుతున్నావేమో అనుకున్నాను. పక్కమంచం ఆవిడ కూతురు తల్లి రాసిన ఉత్తరం ముట్టుకోడానిక్కూడా భయపడేదిట. చిన్నపిల్ల, దాని తప్పేముంది, భయం ఉండదూ అని సర్దిచెప్పుకున్నాను."

అలా నాలుగు నెలలు, ఆదివారం ఆదివారం, అమ్మ ఆ ఆసుపత్రి మంచం మీద కూర్చుని నన్ను క్షమిస్తూ వచ్చింది. నేనేమో ఆవిడ తలగడ కింద నా ఫోటో ఉందనుకుని, ఇక్కడ హాయిగా నిద్రపోయాను.