మూడో లైన్లో మైనస్

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో, లెన్సులు సానపట్టే మిషను పక్కన ఒక ఎత్తు స్టూలుంది. ఇరవై రెండేళ్ళుగా దాని మీద కూర్చునే ఆవిడని అందరూ అక్క అంటారు. ఓనరు ఆవిడకన్నా ఆరేళ్ళు పెద్ద, ఆయనా అక్కే అంటాడు. పదో తరగతి సైన్సులో తప్పింది, మళ్ళీ రాయలేదు. "దీని బుర్రకి చదువెక్కదు" అని వాళ్ళ నాన్న ఒకే ఒక్కసారి అన్నాడు. ఆయనెప్పుడో మర్చిపోయాడు గానీ ఈవిడ మాత్రం మర్చిపోలేదు.

అయినా బుర్రకెక్కనిది చేతికెక్కింది. లెన్సు గురించి ఆవిడకి తెలిసినంత పుస్తకాలు చదివినవాళ్ళకీ తెలియదు. అందులోనూ మైనస్ అంటే ఆవిడకి భయమూ భక్తీ. చేరిన కొత్తలో డాక్టరు చీటీలో అంకె ముందున్న చిన్న గీత కనబడక, మైనస్ రెండుకి బదులు ప్లస్ రెండు బిగించి ఇచ్చేసింది. అది పెట్టుకున్న పెద్దాయన దుకాణం మెట్టు దిగుతూనే బోర్లా పడ్డాడు. మోకాలు దోక్కుపోయిందంతే. కానీ ఆ రోజు నుంచి గీత కనబడని చోట అక్కకి ముద్ద దిగదు.

రెండేళ్ళ కిందట ఫోనులో ఒక గ్రూపు దొరికింది. పిల్లలు హోంవర్కులో రాని లెక్కలు పెడతారు, తెలిసినవాళ్ళు చెప్తారు. ఎవరికెవరూ ఏమీ కారు. లెన్సుల లెక్కలు అక్క వాటాకి వచ్చాయి. అయితే పిల్లల తీరు చూసి ఆవిడకి ఒళ్ళు మండేది. పుస్తకం పేజీ ఫోటో తీసి పడేయడం, కింద "ఆన్సర్ ప్లీజ్, అర్జెంట్" అనడం! ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఇంటికొచ్చి కంచం ముందుకు తోసినట్టు. చివరికి ఆవిడే కూర్చుని పద్ధతులు రాసి పెట్టింది. ముందు పలకరించండి, మీరు ఎంతవరకు చేశారో రాయండి, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి, అర్థమయ్యాక వచ్చి ఆ ముక్క చెప్పి పోండి. గ్రూపు నడిపే రిటైర్డ్ లెక్కల మాస్టారు దాన్ని అందరికన్నా పైన అంటించాడు.

ఆ పద్ధతులకి ప్రాణం పోసినట్టు వచ్చింది నిద్రమొహం. గ్రూపులో ఆ పిల్ల పెట్టుకున్న పేరే అది. "అక్కా, నమస్తే. తిన్నారా?" అని మొదలుపెట్టేది. మూడు లైన్లు పొందిగ్గా చేసేది. మూడో లైన్లో మైనస్ మర్చిపోయేది.

"నువ్వే లెన్సు దగ్గర నిలబడ్డావనుకో అమ్మా. వెలుగు నీ వెనకనుంచి వస్తోంది. వెనక్కి కొలిచిందంతా మైనస్" అని అక్క చెప్పేది. చెప్పి ఊరుకునేదా! పాత పవరు చీటీ వెనక లెక్క మొత్తం చివరిదాకా చేసి ఫోటో పంపేది. పక్కన క్యారేజీలో అన్నం చల్లారిపోయేది.

ఐదు నెలలు ఇదే వరస. పిల్ల మెల్లగా దారిలో పడింది. "ఈ వారం ఐదు లెక్కల్లో రెండింట్లోనే మర్చిపోయిందండీ!" అని అక్క ఓనరుకి చెప్పుకుని మురిసిపోయేది. వినీ వినీ ఆయనకో ఆలోచన వచ్చింది. కొత్తగా ముగ్గురు అమ్మాయిలు పనిలో చేరుతున్నారు. "వాళ్ళకి నువ్వే పాఠం చెప్పరాదూ అక్కా?" అన్నాడు. అక్క సరేననడమే కాదు, సాయంత్రానికల్లా పెద్ద నోటు పుస్తకం కొని మొదటి పేజీలో 'మొదటి పాఠం: మైనస్' అని రాసుకుంది. ఒక్క పిల్లకి నేర్పగలిగినదాన్ని ముగ్గురికి నేర్పలేనా అని ఆవిడ ధైర్యం. ఆ ధైర్యానికి ఆధారం నిద్రమొహం ఒక్కతే.

పాఠం రేపనగా, భోజనాల వేళ మాస్టారు ఒక ఫోటో పంపాడు. తన మనవరాలి క్లాసు గ్రూపులోదిట. పైన అదే పేరు, నిద్రమొహం.

"లెన్సుల లెక్కలు కావాలా? కళ్ళజోళ్ళావిడ ఉంది. ఊరికే అడిగితే క్లాసు పీకుతుంది. పద్ధతిగా నమస్తే పెట్టు, తిన్నారా అని అడుగు, మూడు లైన్లు చేసి మైనస్ ఎగ్గొట్టు. అది కనబడకపోతే ఆవిడ ప్రాణం ఊరుకోదు, మొత్తం తనే చేసి పెట్టేస్తుంది. అప్పుడప్పుడు కరెక్టుగా పెట్టు, లేకపోతే నువ్వు నేర్చుకోవట్లేదని బెంగ పెట్టుకుంటుంది."

అక్క రెండుసార్లు చదివింది. బుట్టలో పడేసినందుకు కోపం వచ్చింది, నిజమే. ఎగతాళి కూడా ఓర్చుకునేదేమో. కానీ ఆ ఆఖరి మాట దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తను మురిసిపోయిన ప్రతి రోజూ ఆ పిల్ల జాలిపడి పడేసిన రోజన్నమాట.

అయినా మనసు ఒప్పుకోదే! ఆ పేరు ఇంకెవరైనా పెట్టుకోవచ్చుగా అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే గ్రూపులో నిద్రమొహం పేరుతో కొత్త లెక్క పడింది. "అక్కా, నమస్తే. తిన్నారా?" రెండు లెన్సుల పెద్ద లెక్క. మూడో లైన్లో మైనస్ లేదు.

అక్క వేళ్ళు దిద్దడానికి వెళ్ళిపోతున్నాయి. బలవంతాన ఆపుకుని, "అంతా సరిగ్గానే ఉందమ్మా. ఇలాగే చివరిదాకా చేసెయ్" అని రాసింది. మైనస్ విషయంలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. థ్యాంక్సని చెప్పి వెళ్ళిపో తల్లీ అని లోపల బతిమాలుకుంది. మైనస్ సంగతి పిల్లకి నిజంగా తెలియకపోతే అలాగే వెళ్ళిపోతుంది. కాసేపాగి అక్కే పిలిచి దిద్దుతుంది. ఇంకో ఐదు నెలలు కావాలన్నా నేర్పుతుంది.

నాలుగు నిమిషాలకి జవాబొచ్చింది.

"అక్కా, మీరు సరిగ్గా చూసినట్టు లేదు. మూడో లైన్లో మైనస్ లేదుగా! అక్కణ్ణుంచి మళ్ళీ చేసి పెట్టరా? రెండింటికల్లా ఇచ్చేయాలి."

అక్క "చూశానమ్మా. నువ్వూ చూశావుగా" అని రాసింది. అవతల చదివినట్టు గుర్తు పడింది.

క్యారేజీ మూత పెట్టేసి ముందు గదిలోకి వెళ్ళింది. ఓనరు కొత్త ఫ్రేములు అద్దాల బీరువాలో సర్దుతున్నాడు.

"పాఠాలకి ఇంకెవరినైనా చూసుకోండి. నావల్ల కాదు" అంది.

"అదేంటక్కా! నిన్నటిదాకా ఎగిరి గంతేశావుగా. ఏమైంది?"

"నేను నేర్పిన పిల్లకి... దానికి ముందునుంచే వచ్చటండీ."

ఆయన నవ్వేశాడు. "ఓస్, అంతేనా! వస్తే మంచిదేగా!"

అక్క వెనక్కి వెళ్ళి మిషను ఆన్ చేసి, తర్వాతి చీటీ తీసి అంకె ముందు గీత ఉందో లేదో చూసుకుంది.