పెంటేన్‌కి రెండు మార్కులు

ఇంటర్ పేపర్లు దిద్దే క్యాంపుకి వెళ్లడమంటే నాకు ఒళ్లుమంట. వెళ్లకపోతే నోటీసొస్తుంది కాబట్టి వెళ్తాను. ఆ ఏడాది మట్టల ఆదివారం నాడు కూడా రమ్మన్నారు. చర్చికి వెళ్లి పదింటికల్లా వస్తానని బతిమాలితే, అందరికీ ఒకటే టైమన్నారు. కంకిపాడులో బస్సెక్కి బెజవాడ దాకా నిలబడే వెళ్లాను. వెళ్లేసరికే సగం కోపంతో ఉన్నాను.

హాల్లో ఫ్యాను వేస్తే పేపర్లు ఎగురుతాయి, ఆపితే మనుషులు ఉడుకుతారు. బల్లకి ఐదుగురం కెమిస్ట్రీ లెక్చరర్లం, మా మీద ఒక చీఫ్. పూటకి పదిహేను పేపర్లు. ఏ లైనుకి ఎన్ని మార్కులో ముందే రాసిచ్చిన కాగితం ఒకటి ఉంటుంది, దాన్ని స్కీమ్ అంటారు. పేపరు మీద పేరుండదు, ఊరుండదు. ఆడపిల్లదో మగపిల్లాడిదో కూడా తెలియదు.

భోజనాలయ్యాక కొత్త కట్ట విప్పాను. మూడో పేపర్లో ఆగిపోయాను. నార్మల్ పెంటేన్ మోలార్ ద్రవ్యరాశి లెక్కించమని రెండు మార్కుల ప్రశ్న. పెంటేన్ ఐదు కార్బన్ల హైడ్రోకార్బన్. C₅H₁₂ అని ఫార్ములా రాసి, కార్బన్‌కి పన్నెండు, హైడ్రోజన్‌కి ఒకటి చొప్పున కూడితే డెబ్బై రెండొస్తుంది. మేమంతా అలాగే చెబుతాం, పిల్లలంతా అలాగే బట్టీ కొడతారు.

ఈ పేపర్లో ఫార్ములా లేదు. వచ్చీరాని తెలుగులో నాలుగు లైన్లున్నాయి. వరసలో చివరి కార్బన్లు రెండు, వాటికి మూడేసి హైడ్రోజన్లు, ఒక్కోటి 15. మధ్య కార్బన్లు మూడు, వాటికి రెండేసి, ఒక్కోటి 14. 30 + 42 = 72 గ్రాములు.

ఎర్రపెన్ను పక్కన పెట్టి మళ్లీ చదివాను. ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఇంత తేలిగ్గా చెప్పొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ఈ బిడ్డకి ఫార్ములా గుర్తు రాలేదు. రాకపోయినా చేతులెత్తేయలేదు. పెంటేన్ ఎలా ఉంటుందో మనసులో పెట్టుకుని ఒక్కో కార్బన్‌నీ లెక్కపెట్టింది. నాకు సంతోషమేసింది, ఆ హాల్లో సంతోషం వేయడం అదే మొదటిసారి.

పేపరంతా దిద్ది టోటల్ వేశాను. స్కీమ్ ప్రకారం ఆ ప్రశ్నకి సున్నా. ఫార్ములా లేకుండా జవాబుకి మార్కు ఇవ్వకూడదని కింద గీత గీసి మరీ రాశారు. సున్నా పెడితే పాస్‌కి సరిగ్గా రెండు మార్కులు తక్కువ.

పేపరు తీసుకుని చీఫ్ దగ్గరికెళ్లాను. ఆయన చదివారు, అర్థమైంది కూడా. లెక్క బాగానే ఉందని ఒప్పుకుని, ఫార్ములా ఏదండీ అన్నారు. విడదీసి రాస్తే మాత్రం ఫార్ములా కాకుండా పోతుందా అన్నాను. స్కీమ్‌లో లేదన్నారు. స్కీమ్ రాసినవాళ్లకి తట్టనిది పిల్లలకి తట్టకూడదా అని అడిగాను. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలన్నారు. ఇవ్వండి, మీ ఇంట్లోంచి ఇస్తున్నారా అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు మళ్లీ స్కీమ్ కాగితమే చూపించారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పదిహేడేళ్ల బిడ్డ ఏడాది బతుకు ఈ కాగితమ్ముక్క కింద పెట్టి తొక్కుతున్నారని గట్టిగానే అన్నాను. పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూశారు. చదవేస్తే ఉన్నమతి పోయిందనేది మనలాంటివాళ్లని చూసేనన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"సరేనండీ మేడమ్, వేసుకోండి రెండూ. పక్కన మీ సంతకం పెట్టండి. రేపెవరైనా అడిగితే నాకు సంబంధం లేదు."

పెట్టాను. నా సంతకం అంత ఒత్తి ఎప్పుడూ పెట్టలేదు, వెనక పేజీలో కూడా అచ్చు పడింది. గెలిచి వచ్చి కూర్చున్నాను. పక్కావిడ మంచినీళ్ల సీసా ఇచ్చి, బాగా అడిగారండీ అంది.

తర్వాతి పేపరు తీశాను. పెంటేన్‌కి 15లు, 14లు. ఇంకోటి తీశాను. అందులోనూ అంతే. అప్పుడర్థమైంది. ఇది ఒక బిడ్డకి పరీక్ష హాల్లో తట్టిన ఉపాయం కాదు. ఎక్కడో ఎవరో ఒక లెక్చరర్, ఫార్ములా బుర్రకెక్కని పిల్లల కోసం బోర్డు మీద కార్బన్లు వరసగా గీసి, చివర్లు ఇంత, మధ్యవి ఇంత అని ఓపిగ్గా నేర్పారు. ఆ క్లాసు పేపర్లే నా ముందుకు వస్తున్నాయి.

ఆ లెక్చరరెవరో తెలిస్తే దణ్ణం పెడదామనుకున్నాను. అంతలోనే పొద్దున దిద్దిన కట్ట గుర్తొచ్చింది.

అందులో కూడా ఇలాంటివి రెండు పేపర్లున్నాయి. వాటిలో వివరమేమీ లేదు, 30 + 42 = 72 అని ఒకటే లైను. ఫార్ములా లేదు, ఈ ముప్ఫై ఏమిటో, నలభై రెండేమిటో అర్థం కాలేదు. చూచిరాత అనుకున్నాను. రెండింటికీ సున్నా చుట్టి పేజీ తిప్పేశాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అందరికంటే ముందు పదిహేనూ పూర్తి చేశానని టీ తాగడానికి వెళ్లాను.

మళ్లీ చీఫ్ దగ్గరికి పరిగెత్తాను. పొద్దున కట్టలో రెండు పేపర్లు మళ్లీ చూడాలన్నాను. అవి చెకింగ్ అయిపోయి, మార్కులు కంప్యూటర్లో ఎక్కి, సీలు పడి పోయాయన్నారు. తెప్పించండి అన్నాను. తెప్పించే పద్ధతి లేదన్నారు. ఇదెక్కడి అన్యాయమండీ అని మళ్లీ గొంతు లేచింది నాకు.

ఈసారి ఆయనకి కోపం రాలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, మామూలుగానే అడిగారు.

"పొద్దున సున్నా పెట్టింది మీరే కదండీ. అప్పుడు నేను స్కీమ్ చూపించానా?"

వచ్చి కూర్చుని మిగతా పేపర్లు దిద్దాను. పొద్దున ఆ ఇద్దరిలో ఒకరు పాసయ్యారు. రెండో బిడ్డకి ఒక్క మార్కు తక్కువైంది. టోటల్ వేసింది నేనే.