బావ మాస్కు, బుడగల మామయ్య

బుడగల మామయ్యకు లోకంలో గిట్టనిది ఒక్కటే. గాలి పోవడం. ఎక్కడైనా సరే, ఎవరిదైనా సరే, గాలి పోతోందని అనుమానం వచ్చిందా, ఇక అతని చొక్కా జేబులోంచి సబ్బునీళ్ళ సీసా బయటికి రావలసిందే. మూతకు చిల్లు పెట్టిన చిన్న ప్లాస్టిక్ సీసా అది. అనుమానమున్న చోట నాలుగు చుక్కలు పిండి, మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి చూస్తాడు. బుడగ లేచిందా, లాటరీ తగిలినట్టే.

"చెవి పొరపాటు పడుతుంది, కన్ను పొరపాటు పడుతుంది. బుడగ మాత్రం పడదు!" అంటాడు. రోజుకు పదిసార్లైనా అంటాడు.

బస్సు డిపో దాటాక మలుపులో ఇరవై రెండేళ్ళుగా పంక్చర్ల షాపు నడుపుతున్నాడు కాబట్టి ఆ అలవాటు షాపులో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. షాపులో ఉంటేగా! అక్క కూతురి పుట్టినరోజుకు వచ్చి, గోడకు కట్టిన బెలూన్లన్నిటికీ సబ్బునీళ్ళు పట్టించాడు. కేకు కోసే వేళకు గోడంతా నురగ. ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టి, మధ్యలో బుడగలు చూసి నవ్వడం మొదలుపెట్టింది. 'బుడగల మామయ్య' అన్న పేరు ఆ రోజు పుట్టిందే. ఇంకోసారి ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుంటే మైదానంలోకి ఉరికాడు. "ఆపండి! బంతి చప్పుడు తేడాగా ఉంది!" ఆటగాళ్ళు ఇరవై ఇద్దరూ నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. బంతికి చిల్లు ఉన్న మాట నిజమే. అయినా బయటికి గెంటేశారు.

అతని అక్క భర్త బస్సు డ్రైవరు. బావమరిది చేష్టలకు అందరికంటే ఎక్కువ నవ్వేది ఆయనే. ఇద్దరికీ మొదటినుంచీ మీసాల పోటీ ఉండేది. ఇద్దరివీ చెవుల దాకా పోయే మీసాలే. డ్రైవరు మీసం చూసే జనం ఆ బస్సును 'మీసాల బస్సు' అనేవారు. "మీసాల బస్సు వెళ్ళిపోయిందా?" అని స్టాపుల్లో అడిగేవారు.

అలాంటి డ్రైవరు ఒకరోజు పట్టపగలు సిగ్నల్ దగ్గర బస్సు ఆపి, స్టీరింగు మీద చెయ్యి వేసుకుని నిద్రపోయాడు. ఆకుపచ్చ దీపం వచ్చి పోయింది. మళ్ళీ ఎరుపు. మళ్ళీ ఆకుపచ్చ. వెనక బండ్లు గోల పెడుతుంటే కండక్టరు వచ్చి భుజం కుదిపాడు. డ్రైవరు కళ్ళు తెరిచి అద్దంలో చూశాడు. నలభై మంది దాకా ఉన్నారు. ముందు సీట్లో చంటిబిడ్డ. ఆగి ఉన్న బస్సు కాబట్టి సరిపోయింది. నడుస్తున్నదైతే?

ఆ ప్రశ్న ఇక ఆయన్ను వదలలేదు. తనే వెళ్ళి డిపో డాక్టరుకు చెప్పేశాడు. పరీక్షలు చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందట. స్లీప్ ఆప్నియా అన్నారు. రాత్రంతా పడుకున్నా నిద్ర పట్టినట్టు కాదట. ముక్కుకు మాస్కు పెట్టుకుని పడుకుంటే, మిషను గాలి కొట్టి గొంతును తెరిచి ఉంచుతుందట.

"నలభై రోజులు గడువు," అన్నాడు డిపో డాక్టరు. "అందులో ఇరవై ఒక్క రాత్రులైనా నాలుగు గంటలకు తగ్గకుండా, గాలి లీకవకుండా మాస్కుతో పడుకోవాలి. మిషనే లెక్క రాసిపెడుతుంది. రాత్రులు సరిపోతే స్టీరింగు. లేదంటే ఇక షెడ్డులో పనే."

లీకవకుండా! ఆ మాట డ్రైవరు భార్య తమ్ముడి చెవిన వేసింది. ఇంకేముంది, గంటలో సీసాతో సహా దిగాడు. అదే ఊపులో డ్రైవరు వెంట క్లినిక్‌కి వెళ్ళి, అక్కడ బీపీ చూస్తుంటే చేతి పట్టీ మీద నాలుగు చుక్కలు పిండాడు. నర్సు కెవ్వుమంది.

"చూడండమ్మా, బుడగ! ఇందాకణ్ణించీ తప్పు లెక్క చెబుతోంది మీ పట్టీ!"

అది నిజమే అయింది. పట్టీ మార్చారు. అయినా అతన్ని బయట కూర్చోమన్నారు.

ఇంటికొచ్చిన మాస్కు మొదటి రోజే బుసలు కొట్టింది. గాలి ముక్కు పక్కనుంచి లేచి నేరుగా కంట్లోకి పోతోంది. డ్రైవరు పట్టీలు బిగించాడు. ఇంకా ఎక్కువ బుస. ఇంకా బిగించాడు. పొద్దున లేచేసరికి బుగ్గల మీద ఎర్రటి చారలు, కళ్ళు చింతనిప్పులు. మిషను లెక్కలో గంటన్నర. రెండో రోజు రెండు గంటలు. మాస్కు మార్చి తెచ్చారు. అదీ అంతే. రెండు వారాలు దాటి పదహారో రోజు వచ్చేసరికి ఖాతాలో పడిన రాత్రులు రెండే రెండు. డ్రైవరుకు అన్నం సయించడం లేదు. పొద్దున్నే డిపోలోంచి బస్సులు బయల్దేరే చప్పుడు వినిపిస్తే కిటికీ మూసేస్తున్నాడు.

"బావా, నువ్వు కదలకు," అన్నాడు బుడగల మామయ్య ఆ సాయంత్రం. కుర్చీలో కూర్చోబెట్టి, మాస్కు తగిలించి, మిషను పెట్టి, ముఖం చుట్టూ సబ్బునీళ్ళు పిండాడు.

"కళ్ళు మండుతున్నాయిరా!"

"మండనీ. బుడగ చెప్పేదాకా ఆగు... అక్కా! ఇటు రా! దొరికింది!"

మాస్కు ముందు భాగంలో సన్నటి చిల్లులు వరసగా ఉన్నాయి. వాటి మీద నురగ పొంగి పొర్లుతోంది.

"ఒకటి కాదు, పన్నెండు చిల్లులు! కొత్త వస్తువని అంటగట్టారు నీకు!"

జేబులోంచి ట్యూబు రబ్బరు ముక్క తీసి, సొల్యూషన్ జిగురు పూసి, ఆరబెట్టి, చక్కగా ప్యాచ్ వేశాడు. నురగ ఆగిపోయింది. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు.

ఐదు నిమిషాలు కాకముందే డ్రైవరుకు ఛాతీ బరువెక్కింది. చెమటలు పట్టాయి. మాస్కు లాగి అవతల పారేసి, గుమ్మం దాకా వెళ్ళి నిలబడి రొప్పాడు. భార్య గబగబా క్లినిక్‌కి ఫోను చేసింది. మాస్కులు అమర్చే అమ్మాయి వినీ వినగానే అరిచిన అరుపు గదిలో అందరికీ వినబడింది.

"అయ్యో! ఆ చిల్లులు కావాలనే పెట్టినవండీ! వదిలిన ఊపిరి బయటికి పోవాలిగా! అవి మూస్తే ప్రాణాలకే ముప్పు. ఆ మాస్కు ఇంక ముట్టుకోకండి!"

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, గాలి పోవలసిన చిల్లు కూడా ఒకటుంటుందని బుడగల మామయ్యకు తెలిసింది.

డ్రైవరు గుమ్మం దగ్గర్నుంచే విరుచుకుపడ్డాడు. "నువ్వూ నీ సబ్బునీళ్ళూ! నన్ను చంపేద్దామనుకున్నావా? నా ఉద్యోగం పోతుంటే నీకిది ఆటగా ఉందా? పో ఇక్కణ్ణించి!"

అతను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మూడు రోజులు ఇటు తొంగి చూడలేదు. మధ్యాహ్నం పూట షాపు కూడా మూసి ఉంటోందని కండక్టరు చెప్పాడు. "అలిగాడేమో, అలగనీ," అన్నాడు డ్రైవరు. అన్నాడే గాని చూపు మాటిమాటికీ గుమ్మం వైపే పోతోంది. అంత మాట అనకుండా ఉండవలసింది.

పైగా క్లినిక్ అమ్మాయి ఫోనులో ఇంకో మాట చెప్పింది. "ముక్కు కింద లీకంటే మీసం వల్ల కావచ్చండీ. ఒకసారి తీసేసి చూడండి."

మీసం! డ్రైవరు అద్దం ముందు నిలబడి ఎంతసేపు చూసుకున్నాడో. ముప్పై ఏళ్ళ మీసం. తీసేస్తే బస్సెక్కేవాళ్ళు గుర్తుపడతారా? పోనీ, తీసేశాక కూడా లీకు ఆగకపోతే? మీసమూ పోయె, బస్సూ పోయె. పంతొమ్మిదో రోజు వచ్చేసింది. మిగిలినవి ఇరవై ఒక్క రాత్రులు. కావలసినవి పంతొమ్మిది. ఇక ఆలోచించడానికి టైము లేదు. మంగలి దగ్గరికి బయల్దేరాడు. కాళ్ళు ముందుకు పడలేదు. ఆఖరిసారి ఆ అమ్మాయినే అడుగుదామని క్లినిక్‌కి మళ్ళాడు.

క్లినిక్‌లో మాస్కులు సరిచూసే మంచం చుట్టూ తెర లాగి ఉంది. లోపల్నుంచి ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఎవరో అంటున్నారు.

"పట్టీ ఇంకొంచెం వదులు చెయ్యమ్మా. ఆ... ఇప్పుడు చూడు. బుడగ ఉందా?"

డ్రైవరు తెర తప్పించాడు. మంచం మీద మాస్కుతో ఎవరో కొత్త మనిషి. నున్నటి ముఖం. డ్రైవరు "సారీ అండీ" అని తెర మూయబోయాడు. మంచం మీది మనిషి గబుక్కున లేచి కూర్చుని రెండు చేతులతో మూతి కప్పుకున్నాడు.

"బావా! నువ్వెందుకొచ్చావ్?"

"ఒరేయ్! నువ్వా? నీ మీసమేదిరా?"

"తీసేశా."

"ఎందుకు?"

"నువ్వు తీసేస్తానంటున్నావని అక్క చెప్పింది. తీరా తీశాక లీకు మీసంది కాదని తేలితే? నీ మీసం ఊరికే పోయినట్టేగా. అందుకని ముందు నాది తీసి చూశా."

డ్రైవరు మంచం అంచున కూలబడ్డాడు. క్లినిక్ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "మూడు రోజులుగా మధ్యాహ్నాలు ఇక్కడే ఉంటున్నారండీ. ఏడు మాస్కులు చూశారు. మాస్కు పెట్టాల్సింది మీ బావగారికి కదా, ఆయన్నే తీసుకురండి అంటే వినరే! తప్పు చేసినవాణ్ణి, మళ్ళీ ఆయన ముఖం మీద ప్రయోగం చెయ్యను, ఏదైనా అయితే నాకే కానీ అన్నారు. సబ్బు మాత్రం క్లినిక్‌దే వాడాలని షరతు పెట్టాను."

"మరి తేలిందేమిటి?" అన్నాడు డ్రైవరు.

బుడగల మామయ్య తప్పు చేసినవాడన్న సంగతి మర్చిపోయి హుషారుగా లేచాడు. "మీసం నిర్దోషి బావా! మీసం ఉన్నప్పుడు ఎక్కడ బుడగ లేచిందో, తీశాకా అక్కడే లేచింది. అసలు సంగతేంటంటే నీకు కూర్చోబెట్టి కొలత తీసుకున్నారు. పడుకుంటే బుగ్గలు జారతాయి, ముఖమే మారిపోతుంది. బరువెక్కించకుండా టైరు చూస్తే ఏం తెలుస్తుంది చెప్పు? ఇంకోటి, నువ్వు లీకైనప్పుడల్లా పట్టీ బిగించావు. రబ్బరును అంత లాగితే ముడతపడి పక్కనుంచి గాలి వదిలేస్తుంది. ఇన్నేళ్ళు రబ్బరుతో బతికి ఆ ముక్క నాకు తట్టలేదు చూడు!"

"ఆయన చెప్పింది నిజమేనండీ," అంది అమ్మాయి. "రండి, పడుకోండి. ఒక సైజు చిన్నది పెడదాం."

డ్రైవరు పడుకున్నాడు. గాలి మొదలైంది. ఈసారి సబ్బునీళ్ళ సీసా పట్టుకోవడానికి బుడగల మామయ్య జంకాడు. డ్రైవరే అతని చెయ్యి పట్టి లాగి ముఖం వైపు చూపించాడు. అతను ముక్కు పక్కన చుక్క పిండాడు. బుడగ లేదు. మీసం మీద పిండాడు. లేదు. పట్టీలు వదులు చేస్తూ, వదులు చేస్తూ, వేలు దూరేంత వదులు చేశారు. లేదు. ముందున్న చిల్లుల మీద మాత్రం నురగ లేచింది. అతను దాని వంక గౌరవంగా చూసి, "అది పోనీ," అన్నాడు.

"ఎలా ఉంది బావా?"

"బావా?" అని వంగి చూశాడు. డ్రైవరు నిద్రపోతున్నాడు. గురక లేదు. ఊపిరి ఆగడం లేదు. పట్టపగలు, క్లినిక్ మంచం మీద, మూడు వారాల దిగులు దించుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

ఆ తర్వాత రెండు గంటలు ఆ తెర దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు బుడగల మామయ్య. తర్వాతి పేషెంటును వేలు పెదవుల మీద పెట్టుకుని వెనక్కి పంపాడు. డాక్టరే వస్తే ఆయన్నూ ఆపాడు. "కొంచెం మెల్లగా నడవండి సార్. పుణ్యముంటుంది."

మిగిలిన ఇరవై ఒక్క రాత్రుల్లో ఒకటి జలుబుతో పాడయింది. ఇరవై నిలిచాయి. డిపో డాక్టరు కాగితం చూసి, డ్రైవరు ముఖం చూసి, సంతకం పెట్టాడు. భార్య కళ్ళు తుడుచుకుని తమ్ముడి మీద పడింది.

"నీకు మతి ఉందిట్రా? ఆయన మీసం కోసం నీది తీసేసుకోవడమేమిటి?"

"నా దగ్గరికొచ్చే టైర్లు నా మొహం చూసి వస్తాయా అక్కా? బావ బస్సుకైతే చెయ్యెత్తేవాళ్ళు ఆ మీసం చూసేగా ఎత్తేది!"

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పులో, స్టాపు లేకపోయినా మీసాల బస్సు పంక్చర్ల షాపు ముందు ఆగింది.

"ఎక్కరా," అన్నాడు డ్రైవరు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. ముందు సీట్లో కూర్చో. చివరి స్టాపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి దింపేస్తా."

అతను కూర్చున్నాడు. బస్సు కదిలింది. రెండు స్టాపులు దాటాయో లేదో, నలభై రోజులుగా తనూ సరిగ్గా నిద్రపోని బుడగల మామయ్య కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రలోకి జారిపోయాడు. డ్రైవరు అద్దంలో అతన్ని చూశాడు. దారి పొడవునా రద్దీ, అడ్డంగా వచ్చే బండ్లు, పక్కకు తప్పుకోని మనుషులు. అయినా ఆ ట్రిప్పంతా ఆయన ఒక్కసారి కూడా హారను కొట్టలేదు.