కొత్త విమానాల కోసం ఎదురుచూసిన రాజేశం బావ

రెండు వారాల కిందటి బుధవారం పొద్దున నేను రైల్వే స్టేషన్‌లో డ్యూటీలో ఉండగా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ లేస్తలేడు," అన్నది. ఆమె గొంతులో ఏడుపు లేకపోవడంతో నాకు వెంటనే విషయం అర్థం కాలేదు. సూరత్‌లో, బమ్రోలిలోని వారి ఇంటికి చేరేసరికి డాక్టరు వచ్చి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రం నాతో కూర్చుని చాయ్ తాగిన మనిషి శాశ్వత నిద్రలోకి జారుకున్నారన్న వాస్తవాన్ని నా మనసు ఇంకా అంగీకరించడం లేదు.

సూరత్‌లోని మన తెలుగువారిలో చాలామందికి గుండేటి రాజేశం గారు పాండేసరా మిల్లులో యంత్రాలు బాగుచేసే పెద్దమనిషిగానే తెలుసు. అంతకుముందు ఆయన వైమానిక దళంలో యుద్ధ విమానాల ఇంజన్లు చూసే వారెంట్ ఆఫీసరు. ఆ జీవితం గురించి ఆయన తనంతట తానుగా ఎన్నడూ చెప్పుకోలేదు కనుక నేను చెప్పవలసి వస్తున్నది.

జగిత్యాల దిక్కు నుంచి మగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబం వారిది. బావ ఇక్కడే చదువుకుని, మీసాలైనా సరిగా రాని వయసులో దళంలో చేరారు. చేరిన కొత్తలోనే పై అధికారి, ఈ విమానాలకు కాలం తీరుతున్నదని, త్వరలో కొత్తవి వస్తాయని చెప్పాడట. అవి రాలేదు. పరీక్షలు జరిగాయి, ధరల మీద చర్చలు సాగాయి, వ్యవహారం ఒప్పందం దాకా వచ్చి ఆగిపోయింది, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఈలోగా పాత విమానాల ఆయుష్షును పొడిగిస్తూ పోయారు. ఆ భారమంతా బావ లాంటి వారి మీద పడింది. విడిభాగం దొరకకపోతే, మూలన నిలబెట్టిన మరో విమానం నుంచి తీసి బిగించేవారు. తోటివారు విసుక్కుంటే బావ ఒకటే మాట అనేవారట: "కోపం బయట పెట్టి లోపలికి రాండ్రి. ఇంజన్‌కు మన కోపం తెల్వదు."

ఒకసారి పెద్ద విన్యాసాలకు ముందురోజు, ఒక ఇంజన్ శబ్దం ఆయనకు నచ్చలేదు. ఎగరడానికి యోగ్యమని సంతకం పెట్టనన్నారు. అసలే విమానాలు తక్కువ, ఉన్నవాటిలో ఒకటి ఆగిపోతే ఎట్లా అని అధికారి ఒత్తిడి చేశాడు. "కొత్తవి రాకపోవుడు నా చేతుల లేదు సార్. ఇది నా చేతుల ఉన్నది," అన్నారు బావ. ఇంజన్ విప్పి చూస్తే ఏ లోపమూ కనబడలేదు. అందరి ముందూ మాటలు పడ్డారు. ఆ తర్వాత ప్రమోషన్ కూడా ఆలస్యంగా వచ్చింది. చాలా ఏళ్లకు అక్క ద్వారా ఈ సంగతి తెలిసి నేను అడిగాను.

"తప్పు చేసిన అనిపించలేదా బావా?"

"ఎందుకు? ఏం దొరకలేదంటే మంచిదే గద," అన్నారాయన, ఎంతో ప్రశాంతంగా.

ఆయన రిటైరై వచ్చాక, ఆ పాత విమానాలకు వీడ్కోలు పలికారు. వాటి స్థానంలోకి రావలసినవి రాకపోవడంతో దళంలోని ఆ విభాగాన్నే మూసేశారు. ఆ సభకు వెళ్లివచ్చిన బావ, "విమానాలు ముసలివైనయి, పోవాల్సిందే. కలిసి పనిచేసిన మనుషులను తలా ఒక దిక్కు పంపిండ్రు. గంత మంచి జట్టు మళ్ల దొరకదు," అన్నారు.

ఆయన వ్యక్తిత్వానికి అసలైన పరీక్ష ఇంట్లోనే ఎదురైంది. ఒక్కగానొక్క బిడ్డ, నా మేనకోడలు స్రవంతి, యుద్ధ విమానం నడుపుతానని దరఖాస్తు పెట్టి ఎంపికైంది. అక్క అన్నం మానేసింది. "దళంల మిగిలినవి గూడ పాతవేనని నువ్వే అంటివి. ఇప్పుడు పిల్లను ఎక్కిస్తవా?" అని ఆయనను నిలదీసింది. నేనూ అక్క పక్షమే. బావ కొన్నాళ్లు ఎటూ తేల్చలేదు. ఒక ఆదివారం మా అందరి ముందూ కూతుర్ని పిలిచారు.

"కొత్త విమానం వస్తదని ఆశపడి పోతున్నవా బిడ్డా?"

"లేదు బాపు. ఏది ఉంటే అదే నడుపుత."

"అట్లయితే పో. కానీ ఒకటి యాది పెట్టుకో. నీ విమానాన్ని చూసుకునే మనిషి ఒకడుంటడు. ఆయన పేరు తెల్సుకో, ఆయన ఇంటి బాగోగులు అడుగు. ఆయన వద్దన్ననాడు ఎవరు చెప్పినా ఎక్కకు."

ప్రమాదమెంతో అందరికంటే ఎక్కువ తెలిసి, కూతురి ఇష్టానికి అడ్డు నిలవని ఆ తండ్రి ధీరత్వానికి నేను ఆనాడే మనసులో నమస్కరించాను.

కొత్త విమానాల గురించి టీవీలో వార్త వచ్చినప్పుడల్లా ఆయన ధ్వని పెంచేవారు. నాకు నవ్వొచ్చేది. "ఇంకా నమ్ముతున్నవా బావా?" అంటే, "వస్తయి. ఆలస్యమైతదంతే. వచ్చేదాకా ఉన్నవాటిని ఎవరో ఒకరు చూసుకోవాలె గద," అనేవారు. ఆ ఎవరో ఒకరుగా ఆయన తన యౌవనాన్నంతా ధారపోశారు. ఆ విమానాలు ఎక్కి క్షేమంగా దిగినవారిలో ఎందరికి ఆయన పేరు తెలుసో నాకు తెలియదు.

తాపీ నది ఒడ్డున చితికి స్రవంతే నిప్పు పెట్టింది. కర్మలు ముగిశాక, నిన్న తిరిగి డ్యూటీకి బయలుదేరింది. స్టేషన్‌లో అక్క ఆమె చెయ్యి వదలకుండా నిలబడింది. ఈ ఒక్కసారికైనా వెళ్లవద్దంటుందేమోనని నేను భయపడ్డాను. రైలు కదలబోతుండగా అక్క అన్నది:

"కొత్తవి వచ్చిననాడు నన్ను తోల్కపో బిడ్డా. ఒక్క విమానాన్నన్న దగ్గర నిలబడి చూస్త. మీ బాపు చూడకపాయె."