ఉమ్ మిత్రి మన్నింపు అడిగిన శనివారం

ఆ ఆదివారం పూజకు ముందు ఊరి చర్చి గురువు అబూనా నికోలా పీఠం పక్కనున్న బల్ల దగ్గర నిలబడి, ఉమ్ మిత్రి ఇంటి నుంచి వచ్చిన గుడ్డమూట విప్పాడు. లోపల రొట్టెలున్నాయి. ప్రతి రొట్టె నడుమా సిలువ ముద్ర ఉండాలి. దానికి బదులు పువ్వు ఉంది. రేకులన్నీ చక్కగా తీరి, చిన్న గోపురంలా పైకి ఉబ్బిన పువ్వు. ఈస్టరుకు ఖర్జూరం కూరి చేసే బిస్కట్ల మీద ఉంటుందే, అదే. అబూనా కాసేపు దానివంక చూశాడు. తరవాత కత్తి తీసుకుని పువ్వు మీద సిలువ గీశాడు. పూజ వేళకే మొదలైంది.

పూజ అయ్యాక, మిగిలిన రొట్టెలను ఆశీర్వదించి, ముక్కలు కోసి, గుమ్మం దగ్గర అందరికీ పంచడం ఆనవాయితీ. బుట్ట పట్టుకున్నవాడు నఖ్లే. చర్చి కమిటీకి పెద్ద, ఊళ్ళో ఫ్యాన్లూ హీటర్లూ బాగుచేసే కొట్టు అతనిదే. ఆ వేళ బిషప్పుగారి కార్యాలయం నుంచి ఒక అతిథి వచ్చాడు. ఆయన తన చేతిలో పడ్డ ముక్కను అటూ ఇటూ తిప్పి, అందులో మూడు రేకులు చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"మీ ఊళ్ళో ఇది పాత ఆచారమా?"

నఖ్లే చెవులు దానిమ్మగింజల్లా ఎర్రబడ్డాయి.

అతిథి కారు మలుపు తిరిగిందో లేదో, చర్చి వాకిట్లోనే పంచాయితీ మొదలైంది. "ఇంటింటి వంతులు ఇక చాలు. కింద జహ్లే పట్నంలో బేకరీ ఉంది. మిషను ముద్ర వేస్తుంది. అన్నీ ఒకేలా వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తేదీ వేసి మరీ ఇస్తారు," అన్నాడు నఖ్లే.

ఉమ్ మిత్రి గుంపును చీల్చుకుని ముందుకొచ్చింది. అసలు పేరు విదాద్. కొడుకు మిత్రి పుట్టిన నాటి నుంచి ఊరు ఆమెను మిత్రి తల్లిగానే పిలిచింది. నెల్లాళ్ళ క్రితం మెట్ల మీద జారి కుడి మణికట్టు బెణికింది. కట్టు కట్టిన ఆ చేతినే మరిది ముఖం ముందు ఆడించింది. నఖ్లే ఆమె చనిపోయిన భర్త గత్తాస్‌కి తమ్ముడు.

"తేదీయా? నెలైనా చెడని రొట్టెను దేవుడి ముందు పెడతావట్రా నఖ్లే? దాన్ని కలిపేటప్పుడు ఎవరు జపం చెప్పారు, మిషనా?"

"మిషను జపం చెప్పదు వదినా. అలాగని పువ్వులూ పూయించదు."

వాకిలంతా నవ్వింది. అబూనా కూడా నవ్వును గడ్డంలోకి సర్దుకుని, "తొందరెందుకు? వచ్చే ఆదివారం కూడా ఉమ్ మిత్రి ఇంటి నుంచే రానీండి. చూసి, ఆ తరవాత కమిటీ కూర్చుంటుంది," అన్నాడు.

దాంతో ఆమె ఒళ్ళు మరింత మండింది. చూస్తారట! మీసాలు రాని రోజుల నుంచీ తన చేతి రొట్టె తిన్నవాళ్ళు ఇప్పుడు తనకు పరీక్ష పెడతారట! ఇంటిదాకా తిట్టుకుంటూనే నడిచింది. ఎదురొచ్చిన పిల్లి కూడా పక్కకి తప్పుకుంది.

ఆ కోపంలో న్యాయముంది. ఆమె సంగతి తెలిసిన వాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

విదాద్ తండ్రి లారీ డ్రైవరు. ఆ ఇంట్లో దేవుడు గుర్తొచ్చేది బ్రేకులు పడనప్పుడే. పందొమ్మిదేళ్ళకు కోడలై ఈ ఇంటికొచ్చేనాటికి మంగళవార్త జపం సగం వచ్చు, మిగతా సగం గొణిగేది. అత్తగారు ఉమ్ గత్తాస్ ఆ విషయం మొదటి వారమే కనిపెట్టింది. శనివారం మధ్యాహ్నం పిండి తొట్టి పక్కన పీట వేసి, "కూర్చో, నీళ్ళు పోస్తూ ఉండు," అంది. తాను పిండి మీద సిలువ గీసి, కలుపుతూ జపం చెప్పింది. పిండి సాగేదాకా జపం సాగింది. రొట్టె పొంగి పగలకుండా ముద్ర చుట్టూ సూదితో పొడిచేటప్పుడు, ఒక్కో పోటుకూ ఇంట్లో పోయినవాళ్ళలో ఒక్కొక్కరి పేరు చెప్పింది. అలా విదాద్‌కి జపాలూ వచ్చాయి, ఎన్నడూ చూడని తాత ముత్తాతలూ చుట్టాలయ్యారు. ఏ ఉపవాసం ఎప్పుడో, ఏ పునీతుడి పండుగ ఎప్పుడో, కడుపు మండినప్పుడు దేవుడితో ఎలా మాట్లాడాలో, అన్నీ ఆ తొట్టి దగ్గర నేర్చుకున్నవే. యుద్ధం రోజుల్లో నేలమాళిగలో దాక్కున్నప్పుడు, దొరికిన గుప్పెడు పిండితో అరచేయంత రొట్టె చేసి పంపింది. గత్తాస్‌ని పాతిపెట్టిన వారం కూడా చేసింది. ఇన్నేళ్ళలో విన్న ప్రసంగాల్లో ఒక్కటీ ఆమెకు గుర్తులేదు. తొట్టి దగ్గర విన్నదాంట్లో ఒక్కటీ మరవలేదు.

అలాంటిదాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి ముడేస్తామంటే ఎవరికైనా మండదూ?

ఇంటికి రాగానే కోడలు మిరేయ్ మీద పడింది. సముద్రం పక్క జూనియే అమ్మాయి. మిత్రిని కట్టుకుని కొండెక్కి ఇంకా ఏడాది కాలేదు. అత్త చేయి పట్టు తప్పాక, ఈసారి పిండి కలిపి కాల్చింది ఆమే. అత్త నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నప్పుడు మూట కట్టి మిత్రితో పంపించింది కూడా ఆమే.

"సిలువేదో పువ్వేదో తెలియదటే నీకు?"

"మేకుకి రెండు ముద్ర చెక్కలు వేలాడుతున్నాయి అత్తయ్యా. 'చెక్క తీసి నొక్కు' అన్నారు. ఏ చెక్కో చెప్పారా?"

"చెప్పాలా? కళ్ళు లేవూ?"

"మా ఊళ్ళో సిస్టర్లు పల్చటి అప్పాలు చేసి చర్చికి పంపుతారు. ఇక్కడ నా చేతికొచ్చేది ముక్క. రొట్టె నిండుగా ఎలా ఉంటుందో నేనెప్పుడు చూశాను? మీ చేయి బెణికేదాకా నన్ను ఆ తొట్టి దగ్గరికి రానిచ్చారా?"

ఉమ్ మిత్రి గదిలోకి పోయి తలుపు గట్టిగా వేసింది.

వారమంతా ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. ఏం కావాలన్నా ఇద్దరూ మిత్రికే చెప్పేవారు. "మీ అమ్మని ఉప్పు ఇటివ్వమను." "నీ పెళ్ళాన్ని అక్కడే ఉందని చెప్పు." ఉప్పు ఇద్దరికీ నడుమే ఉండేది.

శనివారం వచ్చింది. పిండి జల్లించి ఉంది. పులిసిన ముద్ద గిన్నెలో సిద్ధంగా ఉంది. మిరేయ్ చేతులు మడిచి, పెదవులు బిగించి తొట్టి ముందు కూర్చుంది. అప్పుడు ఉమ్ మిత్రికి గుర్తొచ్చింది. ఇంట్లో తగువు పెట్టుకుని పీఠపు రొట్టెకు పిండి కలపకూడదు. అది ఆ ఇంటి కట్టడి. ఉప్పు తక్కువైనా ఫరవాలేదు కాని, పగ పెట్టుకున్న చేయి పిండిలో పడకూడదు. ఇప్పుడు ఆ ఇంట్లో చేతులెన్నో పగలూ అన్నే. ఇవాళ రొట్టె లేకపోతే రేపు బేకరీయే. ఉంటే, ఈ పగలు ముందు తీరాలి.

ఆమె గొంతు సవరించుకుంది.

"సరే. నిన్ను క్షమించాను. కలుపు."

మిరేయ్ తల ఎత్తలేదు. "నేను అడగలేదే."

మూలన లబ్నె అనే గట్టి పెరుగు రాసుకుని రొట్టె తింటున్న మిత్రి లేచాడు. "నేను వెళ్ళి స్కూలు బస్సు కడుక్కోవాలి," అని, ముద్ద మింగకుండానే మాయమయ్యాడు.

ఉమ్ మిత్రి తొట్టివంక చూస్తూ నిలబడిపోయింది. ఒకప్పుడు, కొత్త కోడలిగా ఉన్నప్పుడు, తాను నూనె జాడీ పగలగొట్టి, మేక పగలగొట్టిందని అబద్ధమాడింది. ఆ శనివారం అత్తగారు చేతులు కడుక్కొని, తొట్టి ముందు నిలబడి, "విదాద్, నన్ను మన్నించు," అంది. తాను ఎంత ఉడికిపోయిందో! తప్పు నాది, మన్నింపు ఈవిడ అడగడమా, ఎత్తిపొడవడం కాకపోతే ఏమిటి, అనుకుంది. వంతు వచ్చిన ప్రతి శనివారం అత్తగారు అలాగే అడిగేది. ఎన్నడూ "క్షమించాను" అనలేదు. అడగడమే. అడిగితే కాని చేయి పిండిలో పెట్టేది కాదు.

చచ్చి ఇన్నేళ్ళయినా ఈ ఇంట్లో ఆవిడ మాటే నెగ్గాలా అని ఉమ్ మిత్రికి ఒళ్ళు మండిపోయింది. మండుతూనే నోరు తెరిచింది.

"మిరేయ్. నన్ను మన్నించు. ఏ చెక్కో చెప్పలేదు నేను. మరిచిపోయి కాదు. తొట్టి నాదే కావాలనిపించింది."

మిరేయ్ తలెత్తి చూసింది. "మీరు కోపంగా అడుగుతున్నారు అత్తయ్యా."

"కోపంగా కాక? మన్నింపు ఎవరైనా సంబరపడుతూ అడుగుతారా?"

మిరేయ్ పెదవి చివర కదిలింది. "నన్నూ మన్నించండి. ముద్ర ఏదో అడిగి ఉండాల్సింది. అడిగితే ఇదీ తెలియదా అంటారని అడగలేదు."

"అనేదాన్నే," అంది ఉమ్ మిత్రి నిజాయితీగా. "ఇంకేం, సిలువ గీయి."

కోడలి చేతులు, అత్త గొంతు. పిండి కదులుతూ వచ్చింది. "అరచేత్తో నెట్టు, వేళ్ళతో పీకకు. అది పిండే, పిల్లి కాదు." జపం మధ్యలో ఇలాంటివి ఎన్ని వచ్చినా దేవుడు అలవాటుపడి ఉంటాడు. పోయినవాళ్ళ పేర్లు అత్త ముందుగా చెప్పి వినిపించింది. మిరేయ్ కాస్త ఆగి, "మా అమ్మమ్మ మర్తా పేరు కలపొచ్చా?" అంది. "పొడవడానికి చోటుందిలే," అంది ఉమ్ మిత్రి.

అంతా సవ్యంగా సాగుతుండగా పరలోక జపం వచ్చింది. 'మేము పరులను మన్నించినట్టే మమ్మల్ని మన్నించు' అనే మాట దగ్గర ఉమ్ మిత్రి నాలుక ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఏమైంది అత్తయ్యా?"

"ఇంకా నఖ్లే మిగిలి ఉన్నాడు," అంది. "పిండి మీద గుడ్డ కప్పు. ఇప్పుడే వస్తా."

తలగుడ్డ పక్కకి జారిపోయి, కట్టు కట్టిన చేయి పైకెత్తి, రొప్పుతూ ఎగువ వీధి ఎక్కుతున్న వదినగారిని నఖ్లే మేడ మీది నుంచి చూశాడు. చూసి, కిందికి దిగి, తలుపు గడియ వేశాడు.

"నఖ్లే! తలుపు తీయి!"

"ఇంట్లో లేను వదినా!"

"మరి మాట్లాడుతున్నదెవరు, హీటరా?"

"రేపు మాట్లాడుకుందాం. పూజ అయ్యాక. అబూనా ముందు."

"రేపటికి పిండి ఆగదురా! తగువుకి రాలేదు నేను."

"గొంతు వింటే అలా లేదు!"

వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎదురింటామె యాలకుల కాఫీ కప్పు తెచ్చి ఉమ్ మిత్రి చేతికిచ్చి, తానూ అక్కడే నిలబడింది. ఇలాంటిది ఎవరు వదులుకుంటారు? ఉమ్ మిత్రి మెట్టు మీద కూర్చుని కాఫీ తాగింది. మళ్ళీ తలుపు బాదింది. లోపల గడియ కదల్లేదు. నీడ అవతలి గోడ ఎక్కింది. ఇంటి దగ్గర గుడ్డ కింద పులుస్తున్న పిండి గుర్తొచ్చింది ఆమెకు. లేచి నిలబడి, కొండకంతా వినపడేలా అరిచింది.

"ఒరేయ్ నఖ్లే! నన్ను మన్నించమని అడగడానికొచ్చాను! వాకిట్లో నలుగురిలో నిన్ను 'రా' అన్నందుకు! తలుపు తీస్తావా, తీయవా?"

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. నఖ్లే గుమ్మంలో నిలబడ్డాడు. విదాద్ కోడలిగా వచ్చేనాటికి అతను స్కూలు పిల్లాడు. వంతు వచ్చిన ప్రతి శనివారం ఆ తొట్టి దగ్గర తల్లి తన్ను కూడా పిలిచి అదే మాట అడగడం అతనికీ తెలుసు.

"అమ్మ ఇంత గట్టిగా అడిగేది కాదు," అన్నాడు.

"మీ అమ్మకి నీలాంటి మరిది లేడు."

నఖ్లే తల గోక్కున్నాడు. "పువ్వు మాట అనకుండా ఉండాల్సింది. నలుగురూ నవ్వుతుంటే ఊపు వచ్చింది. నన్నూ మన్నించు వదినా."

"ఆలోచిస్తాలే," అని, అప్పటికే ఆమె వీధి దిగిపోతోంది.

మర్నాడు అబూనా మూట విప్పాడు. సిలువ ఉంది, కొంచెం పక్కకి ఒరిగి. పైన కాస్త మాడింది. అబూనా కత్తి తీసుకుని కోశాడు.

పూజ అయ్యాక హాల్లో కమిటీ కూర్చుంది. ఊళ్ళో సగంమంది గోడల వెంట నిలబడ్డారు. ఉమ్ మిత్రి గడ్డం పైకెత్తి, కోడలి పక్కన, ఎవరినైనా కొట్టడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడింది. నఖ్లే నోట్లో ఆశీర్వదించిన రొట్టె ముక్క ఉంది. నములుతూనే ఉన్నాడు.

"బేకరీ సంగతేం చేద్దాం?" అని అడిగాడు అబూనా.

నఖ్లే గుటక వేశాడు. "బేకరీవాడికి వద్దని పొద్దున్నే ఫోన్ చేశాను. వచ్చే వారం వంతు మాది. మా ఆవిడ నిన్నటి నుంచీ, నువ్వు నాకెన్ని మన్నింపులు బాకీయో ఆలోచించుకో అని కూర్చుంది. వారం సరిపోయేలా లేదు."

హాలు హాలంతా నవ్వింది. ఆ నవ్వులో తన పెద్దరికం కొట్టుకుపోతోందని అతనికి అనిపించినట్టుంది. చేతిలో మిగిలిన ముక్కను పైకెత్తి చూపించాడు.

"అయినా ఉన్నమాట చెప్పాలి. ఈ వారం రొట్టె మరీ పుల్లగా ఉంది వదినా, పళ్ళు జివ్వుమంటున్నాయి."

"నువ్వు తలుపు తీసేదాకా అది పులుస్తూనే కూర్చుంది మరి," అంది ఉమ్ మిత్రి.